గుంపులో ముఖం: ఎల్.ఎస్. లౌరీ ఊరి బొమ్మలూ, తలల బొమ్మలూ

ఆ మనిషి కళ్లు ఎర్రగా ఉంటాయి. ఏడ్చి ఎరుపెక్కాయో, వరసగా రాత్రుళ్లు నిద్రలేక మండుతున్నాయో చెప్పలేం. రెప్పల అంచులు పుండుపడినట్టుంటాయి. ముక్కుకీ అదే ఎరుపు. గడ్డం గీసుకుని కొన్నాళ్లయింది, జుట్టు రేగిపోయింది. మెడకు మఫ్లరు, ఒంటిమీద కోటు. తిన్నగా మనవైపే చూస్తుంటాడు గానీ ఆ చూపు మన దగ్గర ఆగదు, మనల్ని దాటి వెనక గోడదాకా పోతుంది. అతని వెనక కిటికీ లేదు, కుర్చీ లేదు, ఇల్లన్న జాడే లేదు. ఉన్నదల్లా పాలిపోయిన వెలుతురు. బొమ్మ పేరు ‘ఒక మనిషి తల’. 1938లో ఎల్.ఎస్. లౌరీ వేశాడు.

ఇంగ్లండులో లౌరీ పేరెత్తితే జనానికి ముందు గుర్తొచ్చేది ఈ ముఖం కాదు. మిల్లు పొగగొట్టాలు, తెల్లటి ఆకాశం, దాని కింద చీమలబారుల్లా సాగిపోయే సన్నటి నల్లటి మనుషులు. వాళ్లకు ‘అగ్గిపుల్లల మనుషులు’ అని ముద్దుపేరు పెట్టుకున్నారు. లౌరీ పోయిన రెండేళ్లకు, 1978లో, వాళ్ల మీద కట్టిన పాట బ్రిటన్ పాటల పట్టికలో మొదటి స్థానానికి ఎక్కింది. అంతకు ముందే 1964లో ప్రధాని హెరాల్డ్ విల్సన్ తన క్రిస్మస్ కార్డు మీద లౌరీ వేసిన ‘చెరువు’ బొమ్మను అచ్చువేయించుకున్నాడు. ఇన్ని ఇళ్ల గోడలెక్కిన ఆ ఊరి బొమ్మలు వేసిన చేతే ఎర్రకళ్ల మనిషినీ వేసింది. లౌరీ గురించి దశాబ్దాలుగా సాగిన చర్చ మాత్రం ఈ రెంటినీ వేరువేరు గదుల్లో కూర్చోబెట్టే మాట్లాడింది. ఊరి బొమ్మల్ని సామాజిక చరిత్ర కింద, తలల బొమ్మల్ని అతని మనోవ్యథ కింద జమకట్టింది. ఈ రెండు రకాల బొమ్మల్లోనూ ఉన్నది ఒకే చూపు, చూసే దూరం ఒక్కటే మారింది అన్నది నా అభిప్రాయం. ఈ వ్యాసం దాని కోసమే.

లారెన్స్ స్టీఫెన్ లౌరీ 1887 నవంబరు 1న మాంచెస్టరును ఆనుకుని ఉన్న స్ట్రెట్‌ఫర్డ్‌లో పుట్టాడు. తండ్రి రాబర్ట్ ఇళ్ల అద్దెల వ్యవహారాలు చూసే కార్యాలయంలో గుమస్తా. తల్లి ఎలిజబెత్ పియానో బాగా వాయించేది, కచేరీలు చెయ్యాలని కలలు కన్నది, అవి సాగలేదు. కొన్నాళ్లు కాస్త కలిగినవాళ్లుండే విక్టోరియా పార్కు పేటలో కాపురమున్నారు. చేతిలో డబ్బాడక 1909లో సాల్‌ఫర్డ్ పక్కన ఉన్న పెండిల్‌బరీకి మారిపోయారు. నూలు మిల్లులు, బొగ్గు గనులు, వాటి మధ్య ఇరుకు ఇళ్ల వరసలు ఉన్న ఊరది. ఆ దిగజారుడును తల్లి చివరిదాకా క్షమించలేదు. కొడుక్కీ మొదట్లో ఆ ఊరు నచ్చలేదు. తర్వాత అలవాటైంది, ఆపైన ఆసక్తి పుట్టింది, చివరికి అదే లోకమైపోయింది. ఈ వరస అతనే చాలామందికి చెప్పాడు. 1916లో ఒకరోజు పెండిల్‌బరీ స్టేషనులో రైలు తప్పిపోయి మెట్ల మీద నిలబడ్డప్పుడు, ఆక్మే స్పిన్నింగ్ కంపెనీ మిల్లు వదిలిపెట్టడం, వందలమంది ఒక్కసారిగా బయటికి రావడం కళ్లపడిందట. అప్పటిదాకా రోజూ చూస్తూనే ఉన్న దృశ్యాన్ని ఆ రోజు మొదటిసారి చూసినట్టయిందని చెప్పేవాడు. ఒక మనిషి జీవితమంతటినీ ఒక్క క్షణానికి ముడిపెట్టే కథల్ని నేను అంత తేలిగ్గా నమ్మను. అయితే ఈ కథలో ఒక ముక్క మాత్రం నిజమేనని అతని బొమ్మలే చెబుతాయి. అతను ఎప్పుడూ కొంచెం ఎత్తునుంచి, కొంచెం ఎడంగా, ఎక్కడికో పోవలసి ఉండి ఆగిపోయిన మనిషిలా నిలబడి చూస్తాడు.

ఆ ఎడం ఉద్యోగం వల్ల కూడా వచ్చింది. 1910 నుంచి 1952లో పదవీ విరమణ దాకా పాల్‌మాల్ ప్రాపర్టీ కంపెనీలో పనిచేశాడు. అద్దెలు వసూలు చేసే గుమస్తాగా చేరి ప్రధాన కాషియరు దాకా ఎదిగాడు. నలభై రెండేళ్లు! వారం వారం పుస్తకం చంకన పెట్టుకుని ఇంటింటికీ నడవడం, తలుపు తట్టడం, గడపలో నిలబడి డబ్బు లెక్కపెట్టుకోవడం. అద్దెల గుమస్తా ఏ ఇంట్లోనూ కూర్చోడు, కానీ ప్రతి ఇంటి గుట్టూ అతనికి తెలుస్తుంది. ఈ వారం ఎవరికి పని పోయింది, ఎవరింట్లో పిల్లాడికి జబ్బు చేసింది, ఎవరు తలుపు తియ్యకుండా లోపలే నక్కి ఉన్నారు. జేబులో ఏ కాగితముంటే ఆ కాగితం మీద, ఉత్తరం కవరు వెనకైనా సరే, పెన్సిలుతో గీసుకునేవాడు. ఈ ఉద్యోగం సంగతిని బతికున్నంతకాలం చిత్రకళా ప్రపంచానికి తెలియనివ్వలేదు. తీరికవేళ బొమ్మలేసుకునే గుమస్తా అని తీసిపారేస్తారని భయం. ఆ భయం ఉత్తది కాదు.

నిజానికి లౌరీ ఎవరి దగ్గరా నేర్చుకోకుండా వచ్చినవాడు కాదు. 1905 నుంచి మాంచెస్టరు ఆర్ట్ స్కూల్లో సాయంకాలపు తరగతులకు వెళ్లాడు. అక్కడ అతనికి చెప్పిన గురువు అడాల్ఫ్ వాలెట్ అనే ఫ్రెంచివాడు. ఇంప్రెషనిస్టుల పద్ధతిని ఆ పొగల ఊరికి తెచ్చి, మంచులో తడిసిన మాంచెస్టరు వీధుల్ని నీలి నీడల్లో వేసినవాడు. తర్వాత సాల్‌ఫర్డ్ ఆర్ట్ స్కూలు. అన్నీ కలిపితే ఇరవై ఏళ్ల పాటు పగలు ఉద్యోగం, రాత్రి డ్రాయింగు. ఇంత చదువు చదివినవాణ్ణి ‘అమాయక చిత్రకారుడు’ అనడం పొరపాటు. ఈ మాట ఇప్పటికీ కొందరు అంటారు కాబట్టి చెప్పవలసి వస్తోంది.

గురువు నీలి మంచు నుంచి శిష్యుడు తెలుపుకు ఎలా వచ్చాడన్నది ఈ కథలో నాకు అన్నింటికన్నా ఇష్టమైన భాగం. 1921లో మాంచెస్టరులోని మోస్లీ వీధిలో ఒక ఆర్కిటెక్టు కార్యాలయంలో ముగ్గురు కలిసి ప్రదర్శన పెట్టారు. అందులో లౌరీ బొమ్మల్ని ‘మాంచెస్టర్ గార్డియన్’లో మెచ్చుకున్న బెర్నార్డ్ టేలర్ అనే విమర్శకుడు, బొమ్మలు మరీ నల్లగా ఉన్నాయి, మనుషులు వెనక గోడల్లో కలిసిపోతున్నారు అని మందలించాడు. లౌరీకి కోపమొచ్చింది. ఆ కోపంతోనే దాదాపు పూర్తి తెల్లటి నేపథ్యం మీద నల్లటి మనుషుల్ని వేసి తీసుకుపోయి చూపించాడు. సరిగ్గా నేను చెప్పింది ఇదే అన్నాడు టేలర్. అక్కడితో ఆగలేదు లౌరీ. ఒక చెక్కపలక మీద ఫ్లేక్ వైట్ అనే సీసపు తెలుపును మందంగా పూసి, మూసి, ఆరేడేళ్లు పక్కన పెట్టేశాడు. తర్వాత ఇంకో పలక మీద తాజాగా అదే తెలుపు పూసి రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. పాతది మీగడ రంగుకు, లేత బూడిద రంగుకు తిరిగింది. తన బొమ్మలు అసలు రంగుకు వచ్చేసరికి తను ఉండనని అప్పుడే తెలిసిపోయింది. తెలిసే ఆ తెలుపునే ఎంచుకున్నాడు. జీవితమంతా ఐదే ఐదు రంగులు వాడాడు: ఐవరీ నలుపు, ఎర్ర వెర్మిలియన్, ప్రష్యన్ నీలం, పసుపుమన్ను రంగు, ఫ్లేక్ వైట్. ముందు పలకనంతా తెలుపుతో పొరలు పొరలుగా కప్పేవాడు. దాని మీద కుంచెతో, కుంచె వెనక కొసతో, వేళ్లతో, గోరుతో కూడా పనిచేసేవాడు. దగ్గరగా చూస్తే ఆ ఆకాశం నున్నగా ఉండదు. గీతలు, గాట్లు, గోకుళ్లతో, ఏళ్ల తరబడి సున్నాలు వేసిన పాతింటి గోడలా ఉంటుంది.

ఆ తెలుపు ఏం చేసిందో ‘మిల్లునుంచి వస్తున్నవాళ్లు’ బొమ్మలో చూడండి. 1930 నాటిది. వెనక మిల్లు గోడలు, పొగగొట్టాలు, వాటి ముందంతా ఇళ్లకు మళ్లుతున్న జనం. వీపులు వంగి ఉంటాయి, తలలు ముందుకు వాలి ఉంటాయి, పాదాలకు మనిషిని మించిన బూట్లు. ఎవరికీ నీడ లేదు. లౌరీ ఊరిలో ఎండ కాయదు, వానా రాదు. నీడ లేకపోయేసరికి మనిషికి నేలతో ముడి తెగిపోతుంది. కాగితం కత్తిరించి అతికించినట్టు ఒక్కొక్కరూ తెలుపు మధ్య విడివిడిగా నిలబడిపోతారు. ఇద్దరి భుజాలు రాసుకునేంత దగ్గరగా నడుస్తున్నా వాళ్ల మధ్య కూడా ఆ తెలుపే ఉంటుంది. గుంపు అంటాం గానీ అందులో కలిసి ఉన్నవాళ్లెవరు? ఊరు కూడా ఉన్నదున్నట్టు వేసింది కాదు. ఒకచోటి చర్చిని, ఇంకోచోటి వంతెనను, జ్ఞాపకంలో ఉన్న ఒక గొట్టాన్ని తెచ్చి, రాత్రిపూట గదిలో కూర్చుని ఊరు కట్టేవాడు. కాబట్టి ఇవి ఆనాటి ఇంగ్లండు ఉత్తరాది ఎలా ఉండేదో చూపే ఫోటోలు అనుకోవడం సరికాదు. ఊరు నిజమైనదే, ఆ అమరిక లౌరీది.

‘ఒక ప్రమాదం’ బొమ్మ ఇంకా లోతుకు తీసుకుపోతుంది. 1926లో వేశాడు. పెండిల్‌బరీలో జరిగిన ఒక ఆత్మహత్య దీనికి మూలం. నీటి ఒడ్డున జనం మూగి ఉన్నారు, అందరి వీపులూ మనవైపే. ఏం జరిగిందో మనకు కనబడదు. శవం లేదు, ఏడుస్తున్న ఆడమనిషి లేదు. మెడలు చాచి చూస్తున్న జనం మాత్రమే. మన ఊళ్లలో కాలవగట్టున ఇలాంటి గుంపును చూడనివాళ్లు ఉండరు. వెనకనుంచి వచ్చినవాడు ‘ఏమైందండీ’ అని అడుగుతాడు, ముందున్నవాడు తల తిప్పకుండానే ఏదో చెబుతాడు. లౌరీ మనల్ని ఆ వెనకనుంచి వచ్చినవాడి చోట నిలబెట్టేశాడు. 1930లో మాంచెస్టరు నగర గ్యాలరీ ఈ బొమ్మను కొన్నది. 1935 నాటి ‘జ్వరం బండి’ కూడా ఇదే తోవలోది: అంటువ్యాధి సోకిన ఎవరినో తీసుకుపోవడానికి వీధిలో ఆగిన బండి, గడపల్లో, మూలల్లో నిలబడి చూస్తున్నవాళ్లు. ఎవరిని తీసుకుపోతున్నారో తెలియదు. అద్దెల గుమస్తాకు తెలిసే ఉంటుంది.

ఈ బొమ్మల మీద వచ్చిన అభిప్రాయాల్లో మూడింటిని పట్టించుకోవాలి. మొదటిది జనం అభిప్రాయం: పోయిన కాలపు తీపి గుర్తులు. 1953లో వేసిన ‘మ్యాచ్‌కి పోతున్నారు’ లాంటివి చూస్తే అలా అనిపించడం సహజం. బోల్టన్ వాండరర్స్ జట్టు బర్న్‌డెన్ పార్కు స్టేడియం వైపు నాలుగు దిక్కులనుంచీ జనం వాలిపోతూ వస్తుంటారు, గాలి తోస్తున్నట్టు. అందులో ఉత్సాహముంది, కాదనలేను. కానీ దీన్ని పట్టుకుని లౌరీ మొత్తాన్నీ తీపి చేస్తే ‘జ్వరం బండి’ ఎటు పోవాలి? రెండోది కళా విమర్శకుడు జాన్ బెర్జర్ 1966లో రాసిన వ్యాసం. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్ ఆర్థిక వ్యవస్థ కుంగిపోవడానికి, ఒకప్పుడు లోకానికే కార్ఖానా అయిన ప్రాంతం పాతబడి శిథిలమవడానికి ఈ బొమ్మలు సాక్ష్యమన్నాడు. ఇది చాలా విలువైన మాట. మిల్లులు మూతపడుతున్న దశకాల్లోనే లౌరీ మిల్లుల్ని ఇంత పట్టుదలగా వేశాడని గుర్తు చేసింది. మూడోది 2013లో లండన్ టేట్ బ్రిటన్‌లో జరిగిన పెద్ద ప్రదర్శన. దాన్ని రూపొందించిన టి.జె. క్లార్క్, ఆన్ వాగ్నర్ లౌరీ పక్కన పిస్సారోను, వాన్ గోను, ఉత్రిల్లోను పెట్టి, ఆధునిక జీవితాన్ని చిత్రించే ఫ్రెంచి సంప్రదాయానికి ఇంగ్లండులో నిజమైన వారసుడు ఇతనే అన్నారు. వాలెట్ శిష్యుడికి దక్కవలసిన మాటే అది. నా ఫిర్యాదు ఒక్కటే. ఆ ప్రదర్శన నగరాన్ని నమ్ముకుని ముఖాల్ని పక్కన పెట్టింది. నగరాన్ని రక్షించాలంటే ఆ మనిషి దుఃఖాన్ని దాచాలన్నట్టయింది.

ఇక్కడ ఒక తెలుగువాడిగా చెప్పుకోవలసిన మాట ఉంది. ఆ పొగగొట్టాల కింద నేసిన గుడ్డే మన ఊళ్లకు సీమగుడ్డగా వచ్చింది. ఒకప్పుడు మచిలీపట్నం అద్దకాల కోసం ఓడలు వచ్చేవి. పంతొమ్మిదో శతాబ్దంలో లాంకషైర్ మిల్లు బట్ట దిగేసరికి మన కోస్తా మగ్గాలు మూలబడ్డాయి. మాంచెస్టరు అంటే మనకు ఒక శత్రువు పేరు, తగలబెట్టవలసిన గుడ్డ పేరు. గాంధీ 1931 సెప్టెంబరులో లాంకషైర్ వెళ్లి, విదేశీ వస్త్ర బహిష్కారం వల్ల దెబ్బతిన్న అక్కడి నూలు కార్మికులనే కలిశాడు. వాళ్లు ఆయన్ను ఆప్యాయంగా చూశారు. ‘మిల్లునుంచి వస్తున్నవాళ్లు’ అంతకు ఏడాది ముందుది. మన మగ్గం మూలబడటానికి కారణమైన మిల్లులోంచి వంగిన వీపులతో బయటికొస్తున్న ఆ మనుషుల్ని చూస్తే, ఇన్నాళ్లూ మనం పాఠాల్లో ‘మాంచెస్టరు’ అని చదువుకున్న మాటకు కాళ్లూ చేతులూ బూట్లూ వస్తాయి. వాళ్లకూ అద్దె బాకీ ఉంది.

ఇక తలల బొమ్మలు. మొదట్లో వేసినవి ఆర్ట్ స్కూలు పద్ధతిలో ఒద్దికగా ఉంటాయి. 1910లో తండ్రి, 1912లో తల్లి, 1925లో టోపీ పెట్టుకున్న తను. గోధుమ నీడలు, కూర్చిన వెలుతురు, పోలిక బాగా కుదిరిన ముఖాలు. వీటి దగ్గర ఎక్కువసేపు ఆగక్కర్లేదు, పనితనం ఉన్నదని తెలుసుకుంటే చాలు. 1932లో తండ్రి పోయాడు, అప్పులు మిగిల్చి. తల్లి మంచం పట్టింది. పగలు అద్దెలు, సాయంత్రం తల్లికి సేవ, ఆమె నిద్రపోయాక రాత్రి పదింటికి మొదలుపెట్టి తెల్లవారుజాము రెండింటి దాకా బొమ్మలు. ఏడేళ్ల పాటు ఇదే బతుకు. ఆ బొమ్మలు ఆమెకు ఎన్నడూ నచ్చలేదు. ఆ ఏడేళ్ల మధ్యలోనే ఎర్రకళ్ల మనిషి పుట్టాడు. అద్దంలో చూసుకుంటూ తన ముఖమే మొదలుపెట్టానని, తర్వాత దాన్ని వికారంగా మార్చుకుంటూ పోయానని లౌరీ తర్వాత చెప్పాడు. 1939 మొదట్లో లండన్ లెఫెవ్ర్ గ్యాలరీలో అతని తొలి ప్రదర్శన జరిగింది, టేట్ ఒక బొమ్మ కొన్నది. యాభై ఒక్క ఏళ్ల వయసులో వచ్చిన పేరు. అదే ఏడు అక్టోబరులో తల్లి పోయింది. ఆ తర్వాత దేనిమీదా పెద్దగా మనసు లేదని అతను జీవితాంతం అన్నాడు.

ఈ జీవితకథ ఎంత గట్టిదంటే, తలల బొమ్మల్ని అది పూర్తిగా మింగేసింది. తల్లికొడుకుల మీద 2019లో సినిమా కూడా వచ్చింది. విమర్శకులు ఆ ముఖాల ముందుకు రాగానే బొమ్మను వదిలి మంచం పట్టిన తల్లి గురించి మాట్లాడతారు. నేను వాళ్లను బొమ్మలోకే మళ్లీ చూడమంటాను. ఎర్రకళ్ల మనిషికి వాడిన ఐదు రంగులూ మిల్లు బొమ్మలవే. వెనక ఆ తెలుపే. ఊరి బొమ్మల్లో అక్కడక్కడ ఒక తలుపుకో, ఒక శాలువాకో చిటికెడు పెట్టే వెర్మిలియన్ ఇక్కడ రెప్పల అంచుకు చేరింది. మఫ్లరు, కోటు, వంగిన మెడ అన్నీ ఆ గుంపులోవే. మిల్లునుంచి వస్తున్నవాళ్లలో ఒకణ్ణి, ఎవడైనా సరే, పిలిచి ముఖం ఎత్తమంటే ఇలాగే చూస్తాడు. 1950లో వేసిన ‘తండ్రి, ఇద్దరు కొడుకులు’ దగ్గర ఇది ఇంకా తేటపడుతుంది. ముగ్గురూ పక్కపక్కన కూర్చుని మనవైపే చూస్తుంటారు, ఒకే నెత్తురు, ఒకే పోలిక, ఒకరితో ఒకరికి మాట లేదు. వీధి బొమ్మల్లో మనుషుల మధ్య ఉన్న తెల్లటి ఖాళీ ఈ గదిలోకీ వచ్చింది.

అన్నీ ఒకే ఎత్తున లేవు. 1957 నాటి ‘ఆన్’ చిత్రాన్ని చాలామంది గొప్పగా చెబుతారు. బిగించి దువ్విన నల్లటి జుట్టు, పెద్ద కళ్లు, బిగుసుకున్న ముఖం. ఆ అమ్మాయి ఎవరంటే ఒక్కొక్కరికి ఒక్కో కథ చెప్పాడు. లౌరీ పంతొమ్మిదో శతాబ్దపు చిత్రకారుడు రొసెట్టి వేసిన స్త్రీల బొమ్మల్ని కొని ఇంట్లో పెట్టుకున్నాడు, ఆ బొమ్మల ఛాయ దీనిలో ఉంది. నాకు ఇది ముఖం కన్నా ముసుగులా కనిపిస్తుంది. అతను పోయాక బయటపడిన, బొమ్మలాంటి అమ్మాయిని బిగుతు దుస్తుల్లో బిగించిన చిత్రాలు చూస్తే ఆ ముసుగు వెనక ఏదో నొప్పి ఉందని తెలుస్తుంది, అంతకు మించి నేను ముందుకు పోను. అదే ఏడాది వేసిన ‘గోడమీద పడుకున్న మనిషి’ ఇంతకన్నా ఎంతో పెద్దది. ఇటుక గోడ మీద ఒకాయన వెల్లకిలా పడుకుని సిగరెట్టు కాలుస్తున్నాడు. గోడకు ఆనించి గొడుగు, బ్రీఫ్‌కేసు. బ్రీఫ్‌కేసు మీద ఎల్.ఎస్.ఎల్. అని అక్షరాలు. నలభై రెండేళ్ల నడక తర్వాత ఒక గుమస్తా ఒళ్లు వాల్చాడు.

‘ప్రాంతీయ చిత్రకారుడు’ అన్న ముద్ర అతన్ని చివరిదాకా వదల్లేదు. నైట్‌హుడ్‌తో సహా ఐదు ప్రభుత్వ గౌరవాల్ని వద్దన్నాడు. దేశం దాటి ఎన్నడూ వెళ్లలేదు. 1976 ఫిబ్రవరి 23న పోయాడు. ఆస్తిని, బొమ్మల్ని, ఇంటిపేరు కలిసిన పాపానికి 1957లో తనకు ఉత్తరం రాసి, బొమ్మలేయడం ఎలాగని అడిగిన పదమూడేళ్ల పిల్లకు రాసిపెట్టాడు. టేట్ దగ్గర అతని బొమ్మలు ఇరవై మూడు ఉండి కూడా అరుదుగా గోడకెక్కేవని 2011లో నటుడు ఇయాన్ మెకెల్లెన్ గట్టిగా అడిగాడు. 2013 ప్రదర్శన దాని తర్వాతే వచ్చింది. నా లెక్కలో తప్పు లండన్‌ది. ఒకే ప్రాంతపు వీధుల్లో దశాబ్దాల పాటు నడిచినవాణ్ణి ఆ నడక కారణంగానే చిన్నవాడనడం కళను చదవడం కాదు. మనమూ అదే చేస్తుంటాం. సిద్దిపేట కాపు రాజయ్యనో, తోట వైకుంఠాన్నో ‘తెలంగాణ పల్లె చిత్రకారుడు’ అని ఒక్క ముక్కలో చుట్టేసి, ఆ గీత ఎలా నడిచిందో, ఆ ఎరుపు పక్కన ఆ పసుపు ఎందుకుందో అడగడం మానేస్తాం.

చివరి ఏళ్లలో లౌరీ తరచు ఈశాన్యతీరానికి పోయి, సండర్లాండ్ పక్కన సీబర్న్‌లో సముద్రం ఎదురుగా ఉన్న హోటల్లో దిగేవాడు. అక్కడ జనం లేరు, మిల్లు లేదు. తెల్లటి నీరు, తెల్లటి ఆకాశం, మధ్యన ఉందో లేదో తెలియని గీత. 1966లో వేసిన ఒక బొమ్మలో ఆ నీటి మధ్య ఒకే ఒక స్తంభం నిలబడి ఉంది. దానికి స్వీయచిత్రం అని పేరు పెట్టాడు.

2022లో ‘మ్యాచ్‌కి పోతున్నారు’ బొమ్మను 78 లక్షల పౌండ్లకు వేలంలో కొన్నది సాల్‌ఫర్డ్ రేవులో అతని పేరు మీదే 2000లో తెరిచిన ‘ద లౌరీ’ కళాకేంద్రం. కొనకపోతే ఎవరి ఇంటి గోడకో పోయేది. ఇప్పుడు ఎవరైనా వెళ్లి ఉచితంగా చూడవచ్చు. సాల్‌ఫర్డ్ 1936 నుంచి కూడబెట్టిన దాదాపు నాలుగు వందల లౌరీ పనులు అక్కడున్నాయి. ‘మిల్లునుంచి వస్తున్నవాళ్లు’ అక్కడే ఉంది, ఎర్రకళ్ల మనిషీ అక్కడే ఉన్నాడు. నాకు అడిగే చనువుంటే ఒక్కటే అడుగుతాను. ఆ రెంటినీ ఒకే గదిలో ఎదురెదురు గోడలకు పెట్టండి, మధ్యలో బెంచీ వేయండి. కూర్చున్నవాడు ఒక గోడమీది గుంపును చూసి, మెడ తిప్పి ఆ ముఖాన్ని చూసి, మళ్లీ గుంపులో అతనెక్కడున్నాడో వెతుక్కుంటాడు.